మణికట్టు చూపించిన ఆమె

కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఆ పత్తి కూలీ పేరు నాకిప్పుడు గుర్తు లేదు. బొటనవేలి కింద గుంటలో చూపుడువేలు నొక్కిపెట్టి నిలబడడం మాత్రం గుర్తుంది.

అప్పుడు నేను కర్నూలులో ఒక ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీసేవాణ్ణి. ఆమె ఆటో దిగబోయి, చెయ్యి ఆనించి పడింది. నేను తీసిన ఎక్స్-రేలో విరిగినట్టు ఏమీ కనపడలేదు. డాక్టరు బెణుకని మందు రాసిచ్చారు. ఆమె ఇంటికి పోకుండా మళ్లీ నా గదికే వచ్చింది.

"బెణుకు కాదప్పా. ఈడ, ఈ గుంటలోనే శానా నొస్తాండాది. ఈ చెయ్యి పోతే నేను పత్తి ఎట్ల తీసేది?"

"మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయమ్మా. అన్నీ బాగుండాయి," అన్నాను విసుగ్గా.

"ఎనిమిదీ కనపడతాండాయా?"

మళ్లీ చూశాను. ఒకదాని మీద ఒకటి పడి, రెండు మూడు సరిగా కనపడడం లేదు. అబద్ధం చెప్పలేకపోయాను.

"అయితే ఇంగో పక్క నుంచి తియ్యి. తీసేదాకా నేను పోను," అంటూ బల్ల మీద కూర్చుంది.

డాక్టరును అడిగి, ఆమె చేతిని చిటికెనవేలి వైపు వంచి మళ్లీ తీశాను. బొటనవేలి వైపు జీడిపప్పు ఆకారంలో ఒక ఎముక ఉంటుంది. దాని నడుమ వెంట్రుకంత పగులు కనపడింది. అలాగే వదిలేసి ఉంటే అతక్కుండా పోయి, చేతి పట్టు దెబ్బతినేదేమో. ఆ రోజే సిమెంటు కట్టు వేశారు.

పత్తి తీతలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆమె నన్ను చూడడానికి వచ్చింది. ఎక్స్-రే గది తలుపుకు బరువైన సీసం రేకు ఉంటుంది, మగవాళ్లు కూడా భుజం ఆనించి తోస్తారు. ఆమె కట్టు విప్పిన ఆ చేత్తోనే తోసుకుని లోపలికి వచ్చింది.