గోడ మీద నూనెమరక అద్దిన అయ్యవారు

పుంగనూరులో మా అయ్యవారు పోయిన మంగళవారం కన్నుమూశారు. గురువారం పొద్దున్నే ఇంటి ఆసామి ఆయన బడిగదిలో శెనక్కాయ మూటలు దింపించి తాళం వేశాడు. "పిల్లోళ్లు వచ్చినన్నాళ్లూ ఈ గది వాళ్లదే" అని నలుగురి ముందు అయ్యవారికి మాటిచ్చిన మనిషే. ఇది అన్యాయం. చేసింది ఆయనే. ఎవరో ఊరికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు.

"అయ్యోరే పోయె, ఇంగ ఈడ బడి యాల? నడపాలంటే యాడన్నా పెట్టుకోండప్పా. గోడలన్నీ ఒకటే గదా!" అన్నాడు నాతో.

నాకు కోపమొస్తే నోరాగదు. ఆ రోజు మాత్రం తల వంచుకుని వచ్చేశాను. నాలుగేళ్ల కిందట అదే గదిలో నేనూ అదే మాట అన్నాను.

అప్పట్లో మదనపల్లె కాలేజీలో చదివేవాణ్ణి. పాఠాలకంటే కరపత్రాలే ఎక్కువ చదివాను. సేవాశిబిరమని పన్నెండుమందిమి పది రోజులకు పుంగనూరు వెళ్లాం. అయ్యవారు సర్కారు బడిలో నేతపని నేర్పి రిటైరైన మనిషి. మాట రాని, పిలిచినా తిరిగి చూడని పిల్లలు ఏడుగురిని ఆ గదిలో పెట్టుకుని సాకేవారు. ఊరు దాన్ని పిచ్చోళ్ల బడి అనేది. బెంగుళూరు డాక్టరెవరో ఆటిజం అని రాసిచ్చిన కాగితం ఆయన జేబులో మడతపెట్టి ఉండేది. పిచ్చి అన్నవాళ్లకల్లా అది తీసి చూపేవారు. "సూడప్పా, దీనికి వేరే పేరుండాది."

శిబిరమంటే సున్నం కొట్టడమేనని మా లెక్క. ఆయన సంతకు వెళ్లిన సాయంత్రం చూసి గోడలన్నిటికీ తెల్లగా కొట్టేశాం. చాపలు ఉతికి, వరుస మార్చి పరిచాం. మెచ్చుకుంటారని ఎదురుచూశాం.

మర్నాడు తొమ్మిదికి మునెమ్మ వచ్చింది. పదేళ్ల పిల్ల. ఆ బడి కోసమే తల్లి గౌరమ్మ కుప్పం పక్క శాంతిపురం నుంచి బిడ్డతో పుంగనూరు చేరింది. మునెమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. కెవ్వున అరిచింది. తన చేతిని తానే కొరుక్కుంది.

"శుభ్రం చేయడం కూడా తప్పేనా? గోడలన్నీ ఒకటే గదా!" అని నేను ఎగిరాను.

అయ్యవారు తిట్టలేదు. "ఈడ గోడకి నూనెమరక ఒకటుండె. దానిమింద చెయ్యి పెట్టినాకనే ఆ బిడ్డ కూసునేది. యాడుండెనో ఎవురన్నా సూసినారా?" అని అడిగారు.

పన్నెండుమందిలో ఒక్కడూ చూడలేదు.

"సదువుకునేటోళ్లు గదా అయ్యోరా, అంత కిందికి యాడ సూస్తారు!" అంది గౌరమ్మ.

ఆయన గడప నుంచి మూడు జానలు కొలిచారు. అరచేతికి ఆముదం పూసుకుని, పిల్ల భుజమెత్తున ఆ కొత్త సున్నం మీద అద్దారు. నాకు ఒళ్లు మండింది. మునెమ్మ అయినా లోపలికి రాలేదు. మూడు రోజులు గడపలోనే కూర్చుంది. పక్కనే ఆయనా కూర్చున్నారు. నాలుగోరోజు లేచి, గోడ దాకా నడిచి, అరచేయి ఆ మరక మీద ఆనించింది. తన చోట కూర్చుని చింతగింజలు వరుసగా పేర్చుకుంది.

నేను సంబరపడి దగ్గరికి జరగబోతూ చాప లాగాను. అయ్యవారు నా చెయ్యి పట్టుకున్నారు. "లోకాన్ని మారుస్తువులే నాయనా. ఆ సాపని మాత్రం కదిలియ్యొద్దు."

శిబిరం ముగిసింది. తక్కినవాళ్లు వెళ్లిపోయారు, నేను వస్తూనే ఉన్నాను. మెల్లగా ఒక్కొక్కటే తెలిసింది. ఆయన ఎప్పుడూ ఒకే చొక్కాలో కనబడతారని నవ్వుకునేవాళ్లం. ఒకే గుడ్డలో మూడు కుట్టించుకున్నారట, పిల్లలు బెదరకుండా. బడికి సెలవే లేదు. అడిగితే "ఈ పొద్దు ఆదివారమని ఆ బిడ్డకి నువ్వు పోయి చెప్తావా?" అనేవారు.

ఒకసారి ఇలాంటి బిడ్డలున్న ఇళ్లు వెతుక్కుంటూ నన్ను కుప్పం తీసుకెళ్లారు. ఒక ఇంటాయన "మా ఇంట్లో అట్లాంటి బిడ్డలు లేరప్పా" అన్నాడు. లోపలి నుంచి ఏడుపు వినబడుతూనే ఉంది. నేను నిలదీయబోతే అయ్యవారు నా కాలు తొక్కారు. మజ్జిగ తాగారు. రాగిచేలో ఏనుగులు పడిన సంగతి గంటసేపు విన్నారు. మేం బస్సెక్కేలోపు ఆ ఇంటాయనే బిడ్డను భుజాన వేసుకుని వచ్చాడు. "గట్టిగా అడిగింటే తలుపేసుండునప్పా" అన్నారు అయ్యవారు.

బడి ఆగదు. నేనూ గౌరమ్మా నడుపుతాం. కావలసింది ఆ గది, ఆ గోడ.

నాలుగు రోజులుగా మునెమ్మ తొమ్మిదికి వస్తూనే ఉంది. మూసిన తలుపు మీద అరచేయి పెట్టి నిలబడుతోంది. పొద్దున్నే తల్లి ఆముదం రాసి పంపే చెయ్యి కదా, తలుపు చెక్కకు అప్పుడే చిన్న మరక పట్టింది.

అందుకే పిలుస్తున్నాను. రేపు సోమవారం అందరూ రండి. జెండాలు వద్దు, నినాదాలు వద్దు. అరుపులంటే పిల్లలకు బెదురు, ఈ మాట నేనే అంటున్నాను. ఆసామికి తానిచ్చిన మాట నెమ్మదిగా గుర్తుచేద్దాం. మూటలు మనమే మోసి ఆయన అంగడికి చేరుద్దాం. తాళం తీస్తాడు, నాకు అనుమానం లేదు. మూటల వెనక, గడపకు మూడు జానల దూరంలో, ఆ మరక ఉంది. మునెమ్మ తొమ్మిదికి వస్తుంది. మనమూ తొమ్మిదికే ఉండాలి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా.