ఎక్కడిది: ఇతనికి తెలియదు

మా భూగర్భశాస్త్రం మాస్టారు కిందటి నెల ఒక మంగళవారం ఉదయం బరంపురంలో కాలం చేశారని పాఠకులకు విచారంతో తెలియజేస్తున్నాను. ఎనభై దాటిన వయసు. తూర్పు కనుమల వయసు ముందు మనిషి రాకపోకలు నమోదుకు నోచుకోవని ఆయనే తరగతిలో ఎంతో సంతోషంగా చెప్పేవారు. కబురు అందినప్పుడు నేను అస్కా ఊరి అవతల, ఒకప్పుడు కొండ ఉన్న ఒక గోతి అంచున నిలబడి ఉన్నాను. అక్కడ నాకేం పని అన్నది వివరించవలసిన బాధ్యత నాపై ఉంది.

"మొదట ఇదంతా సముద్రం అడుగు బురద," అని మొదలుపెట్టేవారు మాస్టారు. ఆ బురదా ఇసుకా భూమి లోపలికి దిగబడి, నలిగి, ఉడికి, ఎర్ర గార్నెట్ గింజలు కట్టి, కోట్ల ఏళ్ళకు కొండలై పైకి లేచాయి. "మీరు ఒక్క గంట కుదురుగా కూర్చోలేకపోతన్నారు. ఆ బురదని సూడండి, ఎంత ఓర్చుకుందో!" అనేవారు. మేము బురదను తలచుకుని కుదురుగా కూర్చునేవాళ్ళం.

ఆయన భార్యకు, అంటే మా అమ్మగారికి, చీర కొనడానికి బడా బజార్ వెళ్ళినా ఆయన దుకాణం గడపరాయి దగ్గరే చతికిలబడేవారు. "మాస్టారూ, సరుకు లోపలుంది," అని షావుకారు పిలిస్తే, "ఇంతకన్నా పాత సరుకు నీ కాడ లేదు నాయనా," అని జవాబు.

ఆయనకు ఒకటే నియమం. ప్రతి రాయికీ చీటీ అంటించాలి. చీటీలో మూడు వరసలు: ఏ రాయి, ఎక్కడిది, ఎవరు తెచ్చారు. "ఊరు తెలియని రాయి సాక్ష్యం సెప్పలేదురా," అనేవారు.

మహేంద్రగిరి వాలులో తలా ఒక గార్నెట్ రాయి ఏరుకు రమ్మని మమ్మల్ని తీసుకెళ్ళారు. నేనూ ఏరాను. తిరుగు ప్రయాణంలో దాన్ని బస్సులోనే మరిచాను. మర్నాడు గేట్ బజార్‌లో రోడ్డు మరమ్మతుకు పోసిన కంకర కుప్పలో ఎర్ర గింజలున్న ముక్క ఒకటి చూసి, "మహేంద్రగిరి" అని చీటీ అంటించి సమర్పించాను. మాస్టారు దాన్ని తిప్పి చూశారు. వాసన చూశారు.

"ఏట్రా, మహేంద్రగిరికి తారు రోడ్డు ఏసీసినారా?"

తరగతి యావత్తూ సంతోషించింది. ఆయన చీటీ చించేసి కొత్తది రాశారు. ఏ రాయి: గార్నెట్ శిల. ఎక్కడిది: ఇతనికి తెలియదు. ఎవరు తెచ్చారు అన్నచోట నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఆ రాయిని కళాశాల బీరువాలో దాచి ఉంటే క్షమించేవాణ్ణి. ఇంటికి పట్టుకెళ్ళి, వచ్చినవారందరికీ కనబడేలా తన రాతబల్ల మీద పెట్టుకున్నారు.

ముప్పై ఏళ్ళు అది అక్కడే ఉంది. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, పత్రికల్లో నాలుగు ముక్కలు రాసే హోదా దక్కింది. చీటీ ప్రకారం మాత్రం నాకు తెలియదు. కొత్త కాపురంలో మా ఆవిడను దీవెనలకు తీసుకెళ్తే, ఆ చీటీ చదివి, "మీ గురించి సరిగ్గా రాసిన కాగితం ఇదొక్కటే," అంది. వెళ్ళినప్పుడల్లా ఆ రెండో వరస కొట్టేయమని విన్నవించుకునేవాణ్ణి. "తెలుసుకుని రా. కొట్టేస్తాను," అనేవారు.

కిందటేడు గేట్ బజార్ టీ కొట్టులో ఒక ముసలి లారీ డ్రైవరు దొరికాడు. "ఆజ్ఞా," అని ఒడియా మర్యాదతో మొదలుపెట్టి, "ఆ రోజుల్లో ఇక్కడి కంకరంతా నేనే తోలేను. అస్కా దాటేక, సెరకు తోటల ఎనక సిన్న కొండ," అన్నాడు. ఆటో ఎక్కి మాస్టారింటికి పరిగెత్తాను. ఆయన మంచం మీద ఉన్నారు.

"ఎల్లి సూసావా?"

"విన్నాను మాస్టారూ."

"విన్నది సీటీ మీద రాయం. ఎల్లి సూసి రా. నేనెక్కడికీ ఎల్లను."

ఆయన చెప్పిన మాటల్లో తప్పని తేలినది ఇదొక్కటే. ఆ హామీని నమ్మి ఏడాదిపాటు జాప్యం చేసిన నేరం పూర్తిగా నాది.

ఆ మంగళవారం చివరకు వెళ్ళాను. కొండ లేదు. చెరకు తోటల వెనక పెద్ద గొయ్యి, అడుగున పచ్చటి నీళ్ళు. గోతి గోడలో అవే ఎర్ర గింజలు. మాస్టారికి ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటుండగా అమ్మగారు ఫోను చేశారు. "బాబూ, మీ మాస్టారు ఎల్లిపోనారు."

కర్మకాండ ముగిశాక అమ్మగారు ఆ రాయి నా చేతిలో పెట్టారు. "నీదే కదా, అట్టుకెళ్ళు. ఆయన మొన్నమొన్నే లేపి కూకోబెట్టమని, దాని మీద ఏదో గీసేరు."

చూశాను. చీటీలో రెండో వరస, 'ఇతనికి తెలియదు', కొట్టేసి ఉంది. గీత వణికింది. పక్కన ఖాళీ వదిలారు. చూసి వచ్చినవాడు చెప్పకుండా చీటీ దిద్దడం నియమానికి విరుద్ధం. ఆయన ఆ నియమం తప్పారు.

ఆ ఖాళీలో నేను రాశాను: అస్కా అవతల, చెరకు తోటల వెనక, కొండ ఇప్పుడు లేదు. రాయి నా బల్ల మీద ఉంది. పొద్దుటి ఎండ పడితే ఎర్ర గింజలు వెలుగుతాయి. ఒక పక్క తారు మరక ఉంది. దాన్ని తుడవలేదు.