అద్దంలో చూసి విన్న మనిషి

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లో మా కాలనీ మొత్తం టీవీలకు బొమ్మా శబ్దమూ సరిచేసిన సింహాచలం అంకుల్‌కు కుడి చెవి బొత్తిగా వినిపించేది కాదు. ఎడమ చెవిలోకి గట్టిగా అరిస్తే సగం వినిపించేది. ఆయన ఉన్నన్నాళ్ళూ దీన్ని నా డైరీలో కూడా రాయలేదు. మొన్న వేసవి మొదట్లో ఆయన పోయారు. ఇప్పుడు ఢిల్లీలోని మునిర్కాలో నేను అద్దెకుంటున్న గదికి గోడ అవతల ఎవరిదో టీవీ సన్నగా గుంయ్‌మంటోంది. ఆ ఇంటివాళ్ళకు ఆ రొద అలవాటైపోయినట్టుంది. నేను మాత్రం చదువుతున్న పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అది ఎలాంటి రొదో వెతుక్కుంటున్నాను. మూత బిగించిన సీసాలో కందిరీగ. కాదు, కందిరీగ ఇంతసేపు ఒకే శ్రుతిలో తిరగదు. ఇలా వెతుక్కోవడం ఆయన దగ్గర అబ్బిన అలవాటే.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నాన్నకు ఎయిర్ ఫోర్స్‌లో ఉద్యోగం. అంకుల్ది విజయనగరం వైపు. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక కొడుకు ఉద్యోగం ఇక్కడే కావడంతో ఇక్కడే ఉండిపోయారు. ఫిరంగుల పక్కన వైర్‌లెస్ సెట్ ముందు కూర్చున్న ఏళ్ళు ఆయన చెవుల్ని తినేశాయి. అది నాకు తెలిసింది మా టీవీ గొంతు పోయిన రోజున. ఆయన వెనక నిలబడి మూడుసార్లు "టీ అంకుల్" అన్నాను. పలకలేదు. నా మాట పక్కన కూర్చున్నా అమ్మకే సరిగ్గా వినిపించదు కనుక తప్పు నాదే అనుకున్నాను. అంతలో వంటింట్లో కుక్కర్ కూత వేసింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన తల కూడా తిప్పలేదు. టీవీ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, శబ్దాన్ని వేళ్ళతో తడుముతున్నారు. కళ్ళు తెరిచి నన్ను చూశారు. నాకు తెలిసిపోయిందని ఆయనకూ తెలిసిపోయింది.

"ఎవరికీ సెప్పకమ్మా," అన్నారు. మెల్లగా అన్నాననే అనుకున్నారు పాపం, గోడలు అదిరాయి. "సెవిటోడి సేత సౌండు బాగు సేయించుకుంటారేటి ఎవరైనా? నలుగురూ పిలవడం మానేస్తే పొద్దల్లా గోడలు సూసుకుంటూ కూకోవాలి."

అదృష్టంకొద్దీ కుక్కర్ మళ్ళీ కూసింది. "ఏమంటున్నారే?" అని అడిగింది అమ్మ లోపలినుంచి.

"టీలో పంచదార సరిపోయిందట," అన్నాను. అంత తడుముకోకుండా నేను ఆడిన మొదటి అబద్ధం అదే అయివుంటుంది.

ఆ తర్వాత ఆయనే నాన్నను అడిగారు, పార్టుల పేర్లు రాసిపెట్టడానికి ఆదివారాలు పిల్లని పంపమని. "తీసుకెళ్ళండి, పదిమంది ఇళ్ళకీ తిరిగితే దాని నోరైనా పెగులుతుంది," అని నవ్వారు నాన్న. అలా ఆ చలికాలమంతా పొగమంచు వీడని ఉదయాల్లో ఆయన పనిపెట్టె ఒక చివర ఆయనా రెండో చివర నేనూ పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. ఆ పెట్టెలో ఒక చదరపు అద్దం ఉండేది. టీవీ వెనక కూర్చుని మరలు తిప్పేటప్పుడు బొమ్మ కనబడాలని దాన్ని ఎదురుగా కుర్చీలో నిలబెట్టేవారు. బొమ్మ దొర్లిపోతున్నా, అడ్డగీతలు పడుతున్నా, ఒకే మనిషికి రెండు నీడలు కనిపిస్తున్నా అద్దంలో చూసే సరిచేసేవారు. శబ్దం వంతు వచ్చేసరికి నన్ను తెర పక్కన నిలబెట్టేవారు. అద్దంలో వార్తలు చదివే ఆమె ముఖం పక్కన నా ముఖం. నేను గొంతు పెంచకుండా పెదాలు కదిలిస్తే, టీవీ వెనకనుంచి ఆయన అద్దంలో చూసి నా మాట వినేవారు. ఇంటివాళ్ళు మాత్రం ఈ పిల్ల అద్దంలో తన్ను తాను చూసుకుని మురిసిపోతోందనుకునేవారు.

"ఏదోలా ఉంది అంకుల్," అన్నాను మొదట్లో ఒకసారి.

"ఏదోలా అంటే నేనేటి తిప్పనమ్మా? ఎలాటి సప్పుడో సెప్పు."

అప్పటినుంచి సాయంత్రాలు డైరీలో చప్పుళ్ళు రాసుకునేదాన్ని. ఆవాలు చిటపటలాడినట్టు వస్తే శబ్దం పెంచే మీటలో దుమ్ము. గాలిపటం చిరుగు కొట్టుకున్నట్టు వస్తే స్పీకర్ కాగితం చిరిగింది. అన్ని చప్పుళ్ళకీ మాటలు దొరికేవి కావు. దొరకనివాటి దగ్గర చుక్కలు పెట్టి వదిలేసేదాన్ని. ఆ చుక్కలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

తప్పు భల్లా ఆంటీ ఇంట్లో జరిగింది. వాళ్ళ టీవీలో తెర మీద తెల్లటి అక్షరాలు పడినప్పుడల్లా శబ్దం గరగరమనేది, అక్షరాలు పోగానే ఆగిపోయేది. అంకుల్ సరిచేశారు. తెర మీద పొలాలు చూపిస్తున్నంతసేపూ శబ్దం శుభ్రంగా ఉంది. ఇంటినిండా చుట్టాలు, సమోసాలు, "కమాల్ కర్ దియా భాయిసాబ్!" అన్న మెచ్చుకోళ్ళు. అంతలో తెర నిండా పేర్లు వచ్చాయి. గరగర వచ్చింది. ఆ మాటల హోరులో విన్నది నేనొక్కదాన్నే. అద్దంలో ఆయన కళ్ళు నన్ను అడిగాయి. అంతమంది నావైపే చూస్తున్నారు. బాగుందన్నట్టు తల ఊపేశాను.

మర్నాడు సాయంత్రం భల్లా అంకుల్ వచ్చి సింహాచలం అంకుల్ ఇంటి గేటు దగ్గరే, నా ఎదుటే, అందుకున్నాడు. "భాయిసాబ్, ఆప్‌కే కాన్ హై కి నహీ?" మీకు చెవులున్నాయా లేవా అని. తెలియక అన్న మాటే. సింహాచలం అంకుల్ ఆయన పెదాలనే చూస్తూ నవ్వి, "గల్తీ మేరీ హై జీ," అని తప్పు తనమీద వేసుకున్నారు. నావైపు చూడలేదు.

భల్లా అంకుల్ వెళ్ళాక ఆయన ఎదురుగా నిలబడి, "తప్పు నాది అంకుల్," అన్నాను. ఏడుపు వచ్చేస్తోంది.

"తెలుసు. అద్దంలో నీ తల ఊగింది గాని పెదాలు కదల్లేదు. అప్పుడే అడగాల్సింది, నాకూ మొగమాటమేసింది. నీకు సిగ్గు, నాకు బయం. ఇద్దరం కలిసి బలే రిపేరు సేసాం!"

మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ అదే గది, అవే చుట్టాలు. తెర మీద పేర్లు పడగానే అందరి వైపూ తిరిగి, "ఏక్ మినట్, సబ్ చుప్ రహియే," అని అందరినీ ఒక్క నిమిషం మాట్లాడొద్దన్నాను. "అరే, యే బోల్తీ భీ హై!" ఈ పిల్లకు మాటలు కూడా వచ్చే అంది భల్లా ఆంటీ. గది నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. అయినా అద్దంలోకి చూసి, "ఇంకొంచెం తిప్పండి. ఆపండి. వెనక్కి. వెనక్కి," అన్నాను. ఆయన ప్లాస్టిక్ పుల్లతో లోపలి మర వెంట్రుకవాసి తిప్పారు. అక్షరాలు మంచులా నిశ్శబ్దంగా పైకి తేలిపోయాయి.

రెండేళ్ళకు నాన్నకు బదిలీ అయింది. నేను చదువు కోసం మళ్ళీ ఈ వైపే, ఢిల్లీకి వచ్చాను. ఇప్పటికీ నాకు పదిమందిలో గుండె దడే. అయినా మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖంలోకి చూసి, పెదాలు పూర్తిగా విప్పి, 'ఏదోలా' అన్న మాట రాకుండా చూసుకుంటాను.

పోయిన చలికాలం ఆయన్ని చూడటానికి వెళ్ళాను. రెండు చెవులూ పూర్తిగా పోయాయి, కళ్ళకు శుక్లాలు వచ్చాయి. కోడలు ఏం చెప్పాలన్నా అరచేతిలో వేలితో రాస్తోంది. డాబా మీద ఎండలో ఎదురెదురుగా కూర్చున్నాం. కాలేజీ గురించి, గది గురించి, రాస్తున్నవాటి గురించి గొంతు పెంచకుండా గంటసేపు చెప్పాను. ఆయన కళ్ళు చికిలించి నా ముఖం చూస్తూనే ఉన్నారు. ఆ కళ్ళకు నా పెదాలు కూడా మసకేనని అప్పుడు తట్టింది. మాట ఆపేశాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఆగిపోయావేటమ్మా? సెప్పు. వింటన్నాను."