వెర్లిన్ నలభయ్యో మండలం

వెర్లిన్ హాగ్‌స్టాడ్ ముప్పై నాలుగేళ్లు మా ఊరి ధాన్యం గోదాములో తూకం దగ్గర కూర్చున్నాడు. ట్రక్కు వస్తే బరువు చూడడం, తేమ చూడడం, చీటీ రాసివ్వడం. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాటలన్నీ ఇంటి నేలమాళిగలో ఉన్న రేడియో కోసం దాచుకుంటాడని, పక్కింటివాణ్ణి కాబట్టి నాకు తెలుసు. అవీ నోటితో కాదు, వేలితో. టెలిగ్రాఫు భాషలో.

ఏటా నవంబరు చివర్లో ఇలాంటి రేడియోవాళ్లకి పెద్ద పోటీ ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మొదలై ఆదివారం సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది. ఆ నలభై ఎనిమిది గంటల్లో ఎంతమందిని పలకరిస్తే అన్ని పాయింట్లు. భూమిని నలభై మండలాలుగా పంచుకున్నారు. ఒకే పోటీలో ఆ నలభైనీ అందుకోవాలన్నది వెర్లిన్ కోరిక. ముప్పై ఒక్క ఏళ్లలో నాలుగుసార్లు ముప్పై తొమ్మిది దాకా వచ్చి ఆగిపోయాడు. మిగిలిపోయేది ఎప్పుడూ మంగోలియా ఉన్న మండలమే. అక్కడి సిగ్నల్ ఉత్తర ధ్రువం మీదుగా రావాలి కదా, మా మినసోటాకి ఆ దారి తెల్లవారే వేళ కాసేపు తెరుచుకుంటుంది, అంతే.

డెబ్భై రెండేళ్లొచ్చాయి, రెండు రోజులు నిద్ర లేకుండా ఎలా ఉంటావని ఎవరైనా అడగాలే గానీ, ఆ ఒక్క విషయం మీద మాత్రం ఆయన గంటసేపు చెబుతాడు. వారం ముందు నుంచీ రాత్రి ఎనిమిదింటికే పడుకుంటాడు. పోటీ అయ్యేదాకా, మాంసం, ఆలుగడ్డలు, జున్ను కలిపి పొయ్యిలో కాల్చే మా వైపు హాట్‌డిష్ ముట్టడు. "అది కడుపులో పడిందా, నేను పోయినట్టే" అంటాడు. యాపిల్ ముక్కలు, చల్లటి టర్కీ మాంసం, అంతే. కళ్లు మూతలు పడుతుంటే మేజోళ్లు విప్పేసి సిమెంటు నేల మీద నిలబడతాడు. ఇక తప్పదనుకుంటే మడత మంచం మీద తొంభై నిమిషాలు. అలారం గడియారాన్ని ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పెడతాడు, అది మోగితే మా ఇంట్లో కూడా లేస్తాం. రెండు గంటలకోసారి భార్య ఆర్డిస్ మెట్ల మీద నుంచి "ఇవాళ ఏ వారం?" అని అడుగుతుంది. తప్పు చెబితే మంచం ఎక్కాల్సిందే.

ఇంత చేసినా నిద్ర ఊరుకోదు. ఒక ఏడాది ఫ్రిజ్ మోటారు చప్పుడులో ఎవరో పిలుస్తున్నారని అరగంట బదులిచ్చాడు. ఇంకో ఏడాది, ఎవరితో ఏ నిమిషానికి మాట్లాడాడో రాసుకునే లాగ్‌లో తన చిన్నప్పటి కుక్క పేరు ఎక్కించాడు, సమయంతో సహా. చూసుకోకుండా పంపేశాడు. తనిఖీ చేసేవాళ్లు అందరి లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తారు. జరగని పలకరింపు రాస్తే పాయింట్లు కోస్తారు. ఆ కోత కన్నా, మా రేడియో క్లబ్బులో ఏడాది పొడుగునా "కుక్క ఏమంది వెర్లిన్, సిగ్నల్ బాగుందా?" అని అడిగినందుకే ఆయన ఎక్కువ బాధపడ్డాడు.

కిందటేడు పోటీ ఆదివారం పొద్దున్న ఏడున్నరకి డోనట్లు పట్టుకుని వెళ్లాను. వెర్లిన్ వట్టికాళ్లతో నిలబడి కంప్యూటర్ తెర మీది లాగ్‌ను చూస్తున్నాడు.

"ఇది చదువు, లైల్."

చదివాను. ఏడూ పన్నెండు. మంగోలియా.

"అబ్బో! నలభై అయిపోయాయన్నమాట!"

"అయ్యాయా? నాకు గుర్తు లేదే. ఏడింటికి కుర్చీలో కూర్చున్నాను. ఏడూ ఇరవైకి మెడ పట్టేసి లేచాను. మధ్యలో ఇది ఉంది."

"నీ చెయ్యే కదా రాసింది."

"కుక్క పేరు రాసిందీ ఈ చెయ్యే."

పైనుంచి ఆర్డిస్ కేక వేసింది. "ఉండనియ్యవయ్యా! ముప్పై ఏళ్ల నుంచి మంగోలియా మంగోలియా అని నా ప్రాణం తీశావు."

"విన్నట్టు గుర్తు లేనిదాన్ని ఎలా పంపమంటావే?"

ఆ వరుసను డోనట్ల సంచి మీద పెన్సిల్‌తో రాసుకుని, తెర మీద నుంచి తీసేశాడు. అప్పటికే కిటికీలో ఎండ మొదలైంది. ఇంకో అరగంటలో ఆ దారి మూసుకుపోతుంది.

మళ్లీ వెతికాడు. రేడియోలో ఆ వరుసలో రాసి ఉన్న చోటే మంగోలియా మనిషి దొరికాడు, సన్నగా, ఈగ రొద పెట్టినట్టు. ఆయన కోసం వందమంది ఎగబడుతున్నారు. వెర్లిన్ పిలిచాడు. ఆగి, పిలిచాడు. పదకొండోసారికి ఆ సన్నటి చప్పుడు కూడా అడుగంటుతోంది. నేను సొంతంగా కుస్తీపట్టి నేర్చుకున్నవాణ్ణి, టెలిగ్రాఫు భాష సగమే వచ్చు. అయినా పేరుకు బదులు వాడే వెర్లిన్ కాల్ సైన్ వస్తే గుర్తుపట్టాను. దాని వెంట రెండే రెండు గుర్తులు వచ్చాయి. బీ అనే అక్షరం, నాలుగు అంకె. కలిపి చదివితే ఇంగ్లీషులో "బిఫోర్". మన పలకరింపు ముందే అయిపోయింది, నా లాగ్‌లో ఉంది, మళ్లీ ఎందుకు విసిగిస్తావు అని. వందమంది వింటుండగా అనిపించుకోవడం ఎవరికైనా తల కొట్టేసినట్టుంటుంది. వెర్లిన్ లాంటి జాగ్రత్తపరుడు జన్మలో అనిపించుకోలేదు.

ఆయన గట్టిగా నవ్వుతూ మడత మంచం మీద కూలబడ్డాడు.

"తిట్టాడు లైల్! విన్నావా? తిట్టాడు!"

ఆర్డిస్ సగం మెట్లు దిగి వచ్చింది. "ఎవరు?"

"మంగోలియా ఆయన!"

"మంచి పని చేశాడు. నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు."

సంచి మీద ఉన్నది ఉన్నట్టు మళ్లీ ఎక్కించాడు. నలభై. తర్వాత మెల్లగా అన్నాడు, "ఇన్నేళ్లు ఎదురుచూశాను. తీరా వచ్చినప్పుడు నేను లేను చూడు."

"ఏడూ పన్నెండుకేనా?" అంది ఆర్డిస్. "అప్పుడు నవ్వావు కదా. వంటింట్లోకి వినిపించింది. ఏదో మంచి కల వస్తోందిలే అని లేపలేదు."

వెర్లిన్ తల తిప్పాడు. "ఎలా నవ్వానే?"

ఆవిడ నవ్వి చూపించింది. ఇంకోసారి చూపించమన్నాడు.