శూన్యమాసంలో ఉయ్యూరు గది

పదో తరగతి లెక్కల పరీక్ష నాకు రెండుసార్లు పోయింది. లెక్కలు వచ్చింది ఆ తరవాత, నర్సుగా వార్డులో సెలైన్ చుక్కలు చూస్తూ. ఈ సీసా ఈ వేగంతో ఎప్పటికవుతుంది, డాక్టరుగారు చెప్పిన వేళకి అవ్వాలంటే చుక్క ఎంత నెమ్మదించాలి అని నాలో నేనే వేసుకునేదాన్ని. అదే అలవాటై, దేన్ని చూసినా మనసు లెక్కలోకి దిగేది.

తొంభైల చివర్లో ఉయ్యూరులో ఒక నర్సింగ్ హోములో మూడు నెలల పని దొరికింది. అక్కడి నర్సు పురిటికి సెలవు పెడితే ఆమె స్థానంలో నేను. మూడు నెలలూ పూర్తిచేస్తే అనుభవం సర్టిఫికెట్ ఇస్తామన్నారు. అది ఉంటేనే పెద్దాసుపత్రిలో కాంట్రాక్టు పోస్టుకి దరఖాస్తు పెట్టుకోగలను. మధ్యలో పంపేస్తే ఏమీ లేదు. నేను ఆ పనికి ఒప్పుకున్నదే ఆ సర్టిఫికెట్ కోసం.

మా ఇల్లు భవానీపురంలో. తెల్లవారుతుండగా సిటీ బస్సు, బస్టాండులో బందరు బస్సు, కంకిపాడు దాటి ఉయ్యూరు. మొదటి నెల నా లెక్క బాగానే నడిచింది. తరవాత చెరకు ఆడటం జోరందుకుంది. ఫ్యాక్టరీకి తోలే బండ్లు, ట్రాక్టర్లు రోడ్డు మీద వరస కట్టేవి. వాటి వెనక బస్సు ఎంతసేపు ఆగుతుందో డ్రైవరుకే తెలిసేది కాదు. రెండుసార్లు ఆలస్యమైంది.

నేను వెళ్తేగాని రాత్రి డ్యూటీ చేసినామె ఇంటికి వెళ్ళడానికి లేదు. ఆమెకి పాలు తాగే పిల్ల ఉంది. భర్త సైకిలుతో గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. రెండోసారి ఆమె తాళాలు నా చేతిలో పడేస్తూ, "నీ బస్సు నీకు ముద్దేనమ్మా. అక్కడ నా పిల్ల గొంతు పోయేలా ఏడుస్తోంది" అంది. డాక్టరుగారు మాత్రం కోప్పడలేదు. "సిస్టర్, మూడోసారి ఇలా అయితే మీరిక రానక్కర్లేదు" అని నెమ్మదిగా అన్నారు. ఆ నెమ్మదికే నాకు భయం వేసింది.

ఊళ్ళోనే గది చూసుకుందామని తిరగని వీధి లేదు. మూడు నెలలకి ఎవరూ ఇవ్వరు. కనీసం ఏడాది ఉండాలంటారు. ఒకాయన తలుపు సగమే తీసి, "నర్సులైతే వేళాపాళా లేకుండా వస్తారు, పోతారు. వీధిలో మాటొస్తుంది" అని మూసేశాడు. చివరికి ఫ్యాక్టరీ వెనక వీధిలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ పెరటివైపు గది చూపించింది. గది నచ్చింది. ఆవిడకి నేనూ నచ్చాను.

"మీరేవిట్లమ్మా?" అంది.

మా కులమేదో చెప్పాను.

"చర్చికెళ్తావన్నమాట. వెళ్ళు, నాకేం? కానీ నిన్నే పుష్యమాసం వచ్చింది. శూన్యమాసంలో కొత్తగా ఎవరూ ఇంట్లో దిగకూడదు. మాఘంలో వచ్చి పాలు పొంగించుకో."

"మాకు మాసాల పట్టింపు లేదండీ."

"నీకు లేదమ్మా. ఇంటికుంది."

మాఘం వచ్చేసరికి నా పనిలో మిగిలేది పట్టుమని పదిహేను రోజులు. మళ్ళీ బస్సే గతి అయింది.

ఆ వారంలోనే ఒక పొద్దున, ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా బస్సు ఆగిపోయింది. ఫుట్‌బోర్డు మీద నిలబడి ముందున్న బండ్లు లెక్కపెట్టాను. ఫ్యాక్టరీ గేటులో కాటా దగ్గర ఒక్కో బండి తూగడానికి ఎంత పడుతుందో అంతకుముందే గమనించి ఉన్నాను. హెచ్చవేస్తే బస్సు వేళకి అందుకోలేదని తేలింది. నడిస్తే అందుతుంది. దిగేశాను.

ఒక బండి మీద కూర్చున్నాయన చెరకు ముక్క నములుతూ, "ఏంటమ్మోయ్, బస్సుతో పందెం కట్టావా?" అన్నాడు. చుట్టూ బండ్లవాళ్ళు నవ్వారు. నేను తల ఎత్తకుండా నడిచాను. చెప్పుల్లో దుమ్ము, చీర అంచుకి దుమ్ము. సగం దూరం వెళ్ళానో లేదో వెనక హారన్ మోగింది. నా బస్సు. కండక్టరు తల బయటపెట్టి "అయ్యో, మీరెందుకు దిగారు మేడం!" అంటూనే నన్ను దాటిపోయాడు.

నా హెచ్చవేతలో తప్పు లేదు. ట్రాక్టర్లకి వేరే కాటా ఉందని నాకు తెలియదు. వాటి వరస గబగబా లోపలికి పోయి రోడ్డు ఒక పక్క ఖాళీ అయింది. బస్సులోనే కూర్చుని ఉంటే వేళకి అందేదాన్ని.

నేను వెళ్ళేసరికి డాక్టరుగారు వరండాలోనే ఉన్నారు. "మూడోసారి" అన్నారు.

నేను చెప్పులు విడిచేలోగా రాత్రి డ్యూటీ ఆమె అందుకుంది. "ఈమెని పంపేస్తే ఇంకొకరు దొరికేదాకా రెండు డ్యూటీలూ నా నెత్తిన పడతాయి సార్. నేను చెయ్యను. ముందు ఊళ్ళో ఇల్లు చూసుకోమనండి."

అది నా మీద జాలితో అన్నది కాదు. నా వైపు చూడను కూడా లేదు.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "రేపు పొద్దున ఈ ఊళ్ళోంచే డ్యూటీకి రండి. లేదంటే మానెయ్యండి."

డ్యూటీ దిగగానే పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కందిపప్పు చెరుగుతోంది.

"పిన్నిగారూ, రేపటికి నేనీ ఊళ్ళో లేకపోతే నా పని పోతుందండీ."

"ఇంటికి అరిష్టమొస్తే నువ్వొచ్చి మోస్తావా?"

"పొయ్యి వెలిగించను. కొనుక్కుని తింటాను."

"దిగీదిగగానే పొయ్యి వెలగని ఇల్లా! అది మరీ అరిష్టం."

"పోనీ వరండాలో పడుకుంటాను."

"ఆడపిల్లని చలిలో పడేసిందని ఊరంతా నన్ను ఆడిపోసుకోవాలనా?"

చేట ఆడుతూనే ఉంది. బందరు రోడ్డు మీద బండ్ల చప్పుడు అక్కడిదాకా వినిపిస్తోంది. అడగడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. లోపల దండెం మీద ఆరేసిన ఎర్రంచు చీర ఒకటి కనిపించింది. ఆవిడ కట్టేవి అన్నీ నేతచీరలు, ఇది అలాంటిది కాదు.

"ఇంట్లో ఎవరన్నా ఉన్నారాండీ?"

"మా ఆడపడుచు. మొన్ననే వచ్చింది. ఆదివారం వెళ్తుంది."

"మరి ఆవిడకి శూన్యమాసం లేదాండీ?"

"చుట్టానికి మాసమేంటే పిచ్చిదానా..." అంటూ ఆవిడ చేట ఆపింది. నా వైపు చూసింది.

"గట్టిదానివే నర్సమ్మా" అంది చివరికి. "చుట్టమైతే అద్దె ఇవ్వదు. ఇస్తే దిగినట్టే లెక్క."

"మాఘంలో ఇస్తాను."

"చుట్టం మంచం, ట్రంకుపెట్టె వేసుకుని రాదు. ఒక్క సంచి. నేను వండిందే తినాలి. వంక పెట్టకూడదు."

"పెట్టనండీ."

"ఎవరన్నా అడిగితే మా పిన్నత్త మనవరాలినని చెప్పు. ఎక్కువ మాట్లాడకు, దొరికిపోతావ్."

సంచి కోసం భవానీపురం వెళ్ళి తిరిగి రావాలంటే మళ్ళీ ఆ బండ్ల మధ్య నుంచే. ఒకే రోజు రెండోసారి ఆ లెక్కని నమ్మదలుచుకోలేదు. ఎస్టీడీ బూత్ నుంచి మా పక్కింటికి ఫోన్ చేసి అమ్మకి కబురు చెప్పమన్నాను. ఆడపడుచుగారి చీర ఒకటి కట్టుకుని, దుమ్ముకొట్టుకున్న నా తెల్లచీర ఉతికి గదిలో ఆరేశాను. పుష్యమాసం చలికి పొద్దుటికీ అది సరిగా ఆరలేదు. తడి తడిగానే కట్టుకుని బయల్దేరాను.

రాత్రి డ్యూటీ ఆమె నన్ను చూసి గోడ గడియారం వైపు తిరిగింది. తాళాలు బల్ల మీద పెట్టింది. డాక్టరుగారు గదిలోంచి వస్తూ అడిగారు.

"ఎక్కడ దిగారు సిస్టర్?"

"చుట్టాలింట్లో సార్."

"ఉయ్యూరులో మీకు చుట్టాలున్నారా?"

"నిన్నట్నుంచి ఉన్నారు సార్."

ఆయన నవ్వలేదు. మూడో మంచం ఆమెకి రాత్రి బీపీ తగ్గలేదు, ముందు అది చూడమని చెప్పి వెళ్ళిపోయారు. నేను తాళాలు తీసుకుని, తడి కుచ్చెళ్ళు కాళ్ళకి అంటుకుంటుంటే అటు నడిచాను. బీపీ పట్టీ చుడుతుండగా గేటు దగ్గర రాత్రి డ్యూటీ ఆమె భర్త సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినిపించింది.