నలుచదరంగా పెరిగిన గుర్రపుడెక్క

మీకిప్పుడొక మహాగాథ చెప్పబోతున్నాను. ఆకాశంలో తిరిగే కన్ను, కింద వణికే కొల్లేరు, మధ్యలో నేను. అంత లేదులెండి. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజర్‌లో ఏలూరు వెళ్ళి, కొల్లేరు అభయారణ్యంలో పచ్చదనం ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ తగ్గుతోందో ఉపగ్రహం తీసిన బొమ్మల్లో గుర్తించే తాత్కాలిక ఉద్యోగిని. ఆ బొమ్మల్లో మొక్కలు ఎర్రగా, నీళ్ళు నల్లగా కనిపిస్తాయి.

ఆ రోజుల్లో అభయారణ్యం లోపల తవ్విన చేపల చెరువుల గట్లు అధికారులు యంత్రాలతో తెగ్గొట్టేస్తున్నారు. మండవల్లి దగ్గర మా మేనమామకి ఉన్నది ఒకే ఒక్క చెరువు. అది సరిహద్దుకి లోపలో బయటో ఆయనకి తెలీదు. నాకూ తెలీదు. సరిహద్దు గీత ఉన్న మ్యాపు మా సారు బీరువాలో ఉండేది. అడిగితే ఎందుకంటారు. అందుకని అడక్కుండా భయపడుతూ కూర్చున్నాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఒక ఆదివారం మావయ్య దగ్గరికి వెళ్ళేసరికి చెరువు కనిపించలేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపుడెక్క.

"పైనుంచి చూత్తే చెరువని తెలీదు కదరా అల్లుడూ," అన్నాడు మావయ్య గొంతు తగ్గించి, ఉపగ్రహానికి చెవులు కూడా ఉన్నట్టు.

"చేపలు గాలాడక పైకొచ్చి నోళ్ళు తెరుత్తన్నాయి. నువ్వన్నా చెప్పరా," అంది అత్తయ్య.

"తీసేత్తే అది చూసేత్తది. మళ్ళీ ఎప్పుడొత్తదిరా?" బస్సు టైము అడిగినట్టు అడిగాడు.

"ఇంకో మూడు వారాలు పడుతుందేమో మావయ్యా."

"అందాకా ఇవి బతకాలి కదా." మావయ్య గుర్రపుడెక్క పక్కకి నెట్టి నీళ్ళలోకి చూశాడు.

భోజనం ముందు అత్తయ్య ప్రార్థన చేసింది. "ప్రభువా, ఆ ఉపగ్రహం కళ్ళకి మబ్బు కమ్మించు తండ్రీ." ఆమెన్ అన్నాను. నాకు జీతమిచ్చేవాళ్ళు వినలేదు.

మబ్బు కమ్మలేదు. కొత్త బొమ్మలో, చెదిరిన ఎర్రటి మరకల మధ్య, నాలుగు మూలలూ తీర్చిదిద్దిన ఒక ఎర్రటి నలుచదరం. సారు నా వెనక నుంచి వంగి చూశారు.

"ఏవండోయ్, ప్రకృతి స్కేలు పెట్టుకుని గీసిందంటారా? రేపు వెళ్ళి చూద్దాం."

మర్నాడు జీపు ఆగేసరికి మావయ్య గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను ఎరగనట్టు ముఖం తిప్పుకున్నాడు. నా ఉద్యోగం కాపాడుతున్నాడన్నమాట. నీళ్ళ మీంచి కుళ్ళు వాసన. సారు జీపీయస్ చూశారు, మ్యాపు విప్పారు, మళ్ళీ జీపీయస్ చూశారు. అంతసేపూ ఊపిరాడనిది చేపలకి మాత్రమే కాదు.

"ఇది సరిహద్దుకి బయటండీ," అన్నారు మ్యాపు మడుస్తూ. "మనకి సంబంధం లేదు."

జీపు కదలగానే మావయ్య చెరువులోకి దిగాడు.

ఆ సాయంత్రమే నేను మళ్ళీ వచ్చాక, ముగ్గురం చచ్చిన చేపల్ని పూడ్చి, బతికినవాటి కోసం గుర్రపుడెక్క బయటికి లాగాం. దాన్ని వెంటనే ట్రాక్టరుకి ఎత్తకూడదు, గట్టు మీద ఎండనివ్వాలి. పచ్చిగా ఉన్నప్పుడు అందులో ఎక్కువ బరువు నీళ్ళదే.