తలస్నానం పాట

గోడకు చెవి ఆనించి పైపు ఎక్కడ కారుతోందో చెప్పగల ఆ ప్లంబరుకు, తన గొంతు ఎక్కడ శ్రుతి తప్పుతోందో మాత్రం ఏనాడూ తెలియలేదు. తెలియకపోవడమే మంచిదైంది. తెలిస్తే పాడేవాడా? భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమె తెల్లవారగానే డ్యూటీకి వెళ్ళిపోతే, పిల్లలిద్దరినీ లేపి తయారు చేయడం అతని వంతు. ఇల్లు పీకి పందిరేసే ఆ ఇద్దరినీ అతను అరిచి కాదు, పాడి లొంగదీశాడు. పళ్ళు తోముకోవడానికో పాట, బూట్ల లేసులకో పాట, కనబడకుండా పోయిన మేజోడు వెతకడానికి ఇంకో పాట. అన్నీ సొంత సరుకే. అన్నింట్లోకీ గొప్పది తలస్నానం పాట. మూడేళ్ళ చిన్నాడికి నెత్తిన నీళ్ళంటే చచ్చేంత భయం. నాన్న పాడితే మాత్రం స్టూలు మీద బుద్ధిగా కూర్చునేవాడు.

అలా ఉండగా మామగారు రెండు నెలలు ఉందామని వచ్చారు. ముప్పై అయిదేళ్ళు సంగీతం పాఠాలు చెప్పిన మనిషి. అల్లుణ్ణి నొప్పించడం ఆయన వల్ల కాదు. అందుకే అల్లుడు గొంతెత్తినప్పుడల్లా పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. వారం రోజులు ఓర్చుకుని, ఒక పొద్దున మెల్లగా అన్నారు.

"ఏమీ అనుకోకండి అల్లుడుగారూ. పిల్లల చెవులు లేతవి. ఇప్పుడేం పడితే అదే ఉండిపోతుంది. కొన్నాళ్ళు నేను పాడతాను."

"అయ్యో, దానికేముంది మామయ్యగారూ" అన్నాడు ప్లంబరు. నవ్వుతూనే అన్నాడు గానీ తల కొట్టేసినట్టయింది. పొద్దున ఆ గంటన్నర తప్ప రోజంతా ఎవరెవరి సింకుల కిందో గడిపే మనిషి. పిల్లలకు తన చేతనైంది ఆ పాటలేననుకునేవాడు. అవీ పనికిరావని తేలిపోయింది. ఆ రోజునుంచి నోరు మెదపకుండా మేజోళ్ళు తొడిగాడు. ఇల్లంతా బోసిపోయింది.

ఆదివారం మామగారే చొక్కా చేతులు మడుచుకుని బాత్రూంలోకి దిగారు. ప్లంబరు తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సబ్బు బుడగల మీద అల్లుడు కట్టిన ఆ తలస్నానం పాటను ఆయన మనవరాలి దగ్గర నేర్చుకుని, వంకరలన్నీ సరిచేసి, హాయిగా పాడారు. ఇది నా పాటేనా అని ప్లంబరే నోరెళ్ళబెట్టాడు. ఆఖరి మాట పూర్తవుతూనే పెద్దాయన చెంబెత్తి నీళ్ళు పోశారు.

చిన్నాడి కళ్ళ నిండా సబ్బు. వాడు పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు.

"కళ్ళు మూసుకోవాలి కదరా నాన్నా!" అంటూ కంగారుపడ్డారు తాతయ్య.

"వాడెలా మూసుకుంటాడు?" అంది అయిదేళ్ళ పెద్దది, నడుం మీద చేతులు పెట్టుకుని. "నీళ్ళు పోసేముందు నాన్న గొంతు కీచుమంటుంది. అప్పుడు మూసుకోవాలి. నువ్వు కీచుమనలేదుగా తాతయ్యా!"

ప్లంబరు తెల్లబోయాడు. పాడుతూ పాడుతూ వంగి, బకెట్లోంచి చెంబు నింపి లేచేసరికి అతని ఊపిరి బిగిసేది, గొంతు జారేది. ఆ సంగతి అతనికే తెలియదు. పిల్లలిద్దరూ ఎప్పుడో కనిపెట్టేశారు.

మామగారు మనవడి మొహం తుడిచి, స్టూలు పక్కనే చతికిలబడ్డారు.

"అల్లుడుగారూ, ఒక్కసారి పాడండి. ఆ కీచు ఎక్కడొస్తుందో పట్టుకుంటాను."

"ఆటపట్టిస్తున్నారా మామయ్యగారూ?"

"లేదండీ. నిజంగానే నాకు రావడం లేదు."

ప్లంబరు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఎప్పటిలాగే బకెట్ మీదికి వంగి లేస్తూ పాడాడు. మామగారు వెంటనే అందుకున్నారు. ఎంత తంటాలు పడ్డా, అక్కడికొచ్చేసరికి ఆయన గొంతు దానంతటదే శ్రుతిలోకి వచ్చేస్తోంది. మూడోసారికి చిన్నాడికి ఓపిక నశించింది. తాతయ్య చేతిలోని చెంబు లాక్కుని తండ్రికిచ్చాడు.

"తాతయ్యకు పాట రాదు. నువ్వు పాడు నాన్నా."

అందరికంటే ముందు నవ్వింది మామగారే. ప్లంబరు వంగి చెంబు నింపాడు. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న పాట వీధి చివరిదాకా వినబడేలా ఎత్తుకున్నాడు. గొంతు కీచుమంది. చిన్నాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.